రెండు పిన్నుల నుంచి నాలుగు వోల్టేజీలు: మీటర్లో వచ్చినవి మోటారుకు ఎందుకు రావు?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆర్డినో ఉనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డులో 8వ పిన్నుకు 10 కిలో ఓమ్‌లు, 9వ పిన్నుకు 20 కిలో ఓమ్‌లు తగిలించి, రెండింటి రెండో కొసలూ ఒకచోట కలిపావు. ఆ కలిసినచోట మీటరు పెడితే 0, 1.67, 3.33, 5 వోల్టులు చక్కగా వచ్చాయి. తీరా చిన్న ఫ్యాను మోటారు తగిలించేసరికి నాలుగూ దాదాపు సున్నాకు పడిపోయాయి. రెసిస్టర్ల విలువలు తప్పా, బోర్డు పాడైందా అని అడుగుతున్నావు. నాలుగు కాకుండా ఎనిమిది లెవెల్స్ కావాలంటే ఏం చేయాలని కూడా అడిగావు.

బోర్డు బాగానే ఉంది. నీ లెక్కా సరైనదే. కాకపోతే ఆ లెక్కలో మోటారు లేదు. వోల్టేజీ ఎంత కావాలి అన్నదాని కంటే ముందు, దాన్ని తీసుకునేది ఎవరు, ఎంత కరెంటు లాగుతుంది అని అడగాలి. ఏ సర్క్యూటు కట్టాలో ఆ జవాబును బట్టే తేలుతుంది.

మన ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న చేలల్లో ఇది రోజూ కనిపించేదే. బోరు మోటారు వేయకముందు స్టార్టర్ దగ్గర వోల్టేజీ నిండుగా ఉంటుంది. మోటారు ఎక్కగానే జారిపోతుంది. లైను సన్నం, దూరం ఎక్కువ. ఆ వైరు రెసిస్టెన్స్ మోటారుతో సిరీస్‌లో ఉంది కాబట్టి, కరెంటు పారేకొద్దీ కొంత వోల్టేజీని వైరే తినేస్తుంది. నీ 10కె, 20కె రెసిస్టర్లు అలాంటి సన్న లైనే. మోటారు వైపు నుంచి చూస్తే అవి రెండూ సమాంతరంగా కనిపిస్తాయి: 6.67 కిలో ఓమ్‌లు. దీన్నే అవుట్‌పుట్ రెసిస్టెన్స్ అంటారు. ఆగి ఉన్న చిన్న మోటారు కాయిల్ రెసిస్టెన్స్ 10 ఓమ్‌లు అనుకో. రెండు పిన్నులూ హై (5 వోల్టులు) చేసినా దానికి అందేది 5 × 10 ÷ 6,677, అంటే 7.5 మిల్లీవోల్టులు. మరి మీటర్లో ఎలా వచ్చింది? మామూలు డిజిటల్ మీటరు లోపలి రెసిస్టెన్స్ 10 మెగా ఓమ్‌లు. అది దాదాపు కరెంటు లాగదు. అందుకే నీ లెక్కను యథాతథంగా చూపించింది. లోడు, అంటే కరెంటు లాగే వస్తువు, తగిలించి ఉండగా కొలిచినదే అసలు వోల్టేజీ.

"అయితే రెసిస్టర్లు తగ్గిస్తా" అనుకుంటావు, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. 10 ఓమ్‌ల మోటారు దగ్గర వోల్టేజీ 5 శాతానికి మించి పడకూడదంటే అవుట్‌పుట్ రెసిస్టెన్స్ సుమారు అర ఓమ్ ఉండాలి. అంటే రెసిస్టర్లు ముప్పావు ఓమ్, ఒకటిన్నర ఓమ్. అప్పుడు ఒక పిన్ను హై, ఇంకొకటి లో (0 వోల్టులు) చేస్తే, మోటారు లేకపోయినా, ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకు 5 ÷ 2.25, కాగితం మీద 2 యాంపులు దాటి పారాలి. ఉనోలో ఉన్న ఏటీమెగా328పీ చిప్పుకు ఒక్కో పిన్ను గరిష్ఠ హద్దు 40 మిల్లీయాంపులు, చిప్పు మొత్తానికి 200. ఇవి దాటితే చిప్పు చెడిపోయే హద్దులు, రోజూ వాడుకునే అంకెలు కావు. డేటాషీటు అవుట్‌పుట్ వోల్టేజీకి హామీ ఇచ్చేది 20 మిల్లీయాంపుల దగ్గర. అక్కడ కూడా 5 వోల్టుల సప్లైతో, 85 డిగ్రీల వేడిలో, హై అంటే కనీసం 4.2 వోల్టులు అని మాత్రమే రాసి ఉంటుంది. అంటే పిన్ను లోపలే 40 ఓమ్‌ల దాకా రెసిస్టెన్స్ ఉండొచ్చు. కాబట్టి ఈ దారిలో మోటారు తిరగదు. పిన్నుతో కరెంటు మోయించాలనే ఆలోచన వదిలెయ్. పిన్ను సంకేతం ఇస్తుంది, మోసేది ఇంకొకటి.

నీ మోటారుకు నిజంగా కావాల్సింది నాలుగు వోల్టేజీలు కాదు, నాలుగు స్పీడ్లు. ఒక లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ తీసుకో, అంటే గేటు అనే కాలికి పిన్ను ఇచ్చే 5 వోల్టులతోనే పూర్తిగా తెరుచుకునే ట్రాన్సిస్టర్ స్విచ్చు. చిన్న మోటారుకైతే ఏఓ3400, చేత్తో సోల్డరింగ్ తేలిగ్గా ఉండాలంటే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్. ఈ రెండోదాని పేరులో ఎల్ అక్షరం చూసుకుని కొను. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ ఇస్తే తీసుకోకు, అది గేటు మీద 5 వోల్టులకు పూర్తిగా తెరుచుకోదు, వేడెక్కుతుంది. గేటుకు 100 నుంచి 220 ఓమ్‌లు సిరీస్‌లో పెట్టు. గేటు నుంచి గ్రౌండుకు 10కె పెట్టు, రీసెట్ సమయంలో పిన్ను గాల్లో ఉన్నా మోటారు తనంతట తాను తిరగదు. మోటారు రెండు కొసల మీద అడ్డంగా ఒక షాట్‌కీ డయోడ్, 1ఎన్5819 లాంటిది, దాని గీత ఉన్న వైపు పాజిటివ్‌కు వచ్చేలా పెట్టు. కాయిల్‌లో పారుతున్న కరెంటును ఒక్కసారి ఆపితే అది ఎగదన్నుతుంది. ఈ డయోడ్ లేకపోతే ఆ దెబ్బ మాస్‌ఫెట్‌కు తగులుతుంది. మోటారు సప్లై ఉనో బోర్డు 5 వోల్టుల పిన్ను నుంచి తీసుకోకు, విడిగా ఇవ్వు. రెండు సప్లైల గ్రౌండ్లు మాత్రం తప్పకుండా కలపాలి.

ఇప్పుడు అనలాగ్‌రైట్‌కు 0, 85, 170, 255 ఇవ్వు. 255లో 85 సరిగ్గా మూడో వంతు, అంటే సగటున నువ్వు కోరుకున్న 1.67 వోల్టులే. ఆ ఫంక్షన్ పేరు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఉనోలో అది అనలాగ్ వోల్టేజీ ఏదీ ఇవ్వదు. పిన్నును 0, 5 మధ్య వేగంగా మారుస్తుంది (దీన్నే పీడబ్ల్యూఎం అంటారు), అంతే. చాలా పిన్నుల మీద సెకనుకు 490 సార్లు, 5, 6 పిన్నుల మీద 980 సార్లు. మోటారు కాయిల్ ఇండక్టెన్స్, రోటర్ బరువు కలిసి ఆ కొట్టుకోవడాన్ని సగటు చేసేస్తాయి. అందుకే మోటారుకు విడిగా ఫిల్టర్ అక్కర్లేదు. 490 హెర్ట్జ్ దగ్గర సన్నగా గీపెడుతుంది. ఆ చప్పుడు పోవాలంటే 3 లేదా 11వ పిన్ను వాడి టైమర్2 ప్రీస్కేలర్‌ను (గడియారపు వేగాన్ని భాగించే అంకెను) 1 చెయ్యి, 31 కిలోహెర్ట్జ్ దాటుతుంది, చెవికి వినపడదు. 5, 6 పిన్నుల టైమర్0 జోలికి మాత్రం వెళ్లకు. మిల్లీస్, డిలే ఫంక్షన్లు దాని మీదే నడుస్తాయి, నీ ప్రోగ్రాం మొత్తం టైము తప్పుతుంది. 85 దగ్గర మోటారు కదలకుండా గుర్రుమంటుంటే, మొదట 100 మిల్లీసెకన్ల పాటు 255 ఇచ్చి తర్వాత 85కు దించు.

మోటారు సంగతి ఇంతటితో సరి. ఎనిమిది లెవెల్స్ అంటే కూడా ఇక్కడ ఎనిమిది అంకెలే, ఒక్క పిన్ను చాలు.

కానీ నీ రెండు రెసిస్టర్ల సర్క్యూటును పారేయమని నేను అనను. అది మంచి సర్క్యూటు, తగిన లోడు దగ్గర పెట్టాలి. దాన్ని తీసుకునేది ఆప్ ఆంప్ (సంకేతాన్ని పెంచే చిప్పు) ఇన్‌పుటో, కంపారేటరో (రెండు వోల్టేజీలను పోల్చే చిప్పు), ఎల్‌సీడీ గాజో అయితే అంతకంటే చవకైన దారి ఇంకోటి లేదు. లోడు రెసిస్టెన్స్ నీ అవుట్‌పుట్ రెసిస్టెన్స్‌కు 10 రెట్లు ఉంటే 9 శాతం పడిపోతుంది, 100 రెట్లు ఉంటే 1 శాతం. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలాచోట్ల కాగితం, పెన్ను అవసరం రాదు.

మూడో పిన్ను కలిపితే ఎనిమిది లెవెల్స్. రెసిస్టర్లు 10కె, 20కె, 40కె. ఒక్కో మెట్టు 5 ÷ 7, అంటే 0.714 వోల్టులు, పై మెట్టు సరిగ్గా 5. 40కె విడిగా దొరకడం కష్టం, 39కె, 1కె కలుపుకోవచ్చు. నాలుగైదు పిన్నులు దాటాక ఈ పద్ధతి ఇబ్బంది పెడుతుంది. ప్రతి పిన్నుకూ కొత్త విలువ కావాలి, వాటి మధ్య నిష్పత్తి కచ్చితంగా ఉండాలి. అందుకే ఆర్–2ఆర్ నిచ్చెన వాడతారు. అందులో ఉండేవి రెండే విలువలు, ఒకటి ఇంకొకదానికి రెట్టింపు. మూడు పిన్నులకు కావాల్సింది 10కెలు రెండు, 20కెలు నాలుగు. ఆ నాలుగో 20కె చివరి గ్రౌండు కాలు, చాలామంది మరిచిపోయేది అదే. 20కెను రెండు 10కెలు సిరీస్‌గా వేసి చెయ్యి, మొత్తం పది రెసిస్టర్లు. అన్నీ ఒకే పట్టీ నుంచి కత్తిరించి వాడు. ఒకే లాట్‌లో వచ్చినవి, ప్యాకెట్ మీద 1 శాతం అని రాసి ఉన్నా, తమలో తాము అంతకంటే దగ్గరగా ఉంటాయి. ఇక్కడ అవసరమైంది అసలు విలువ కాదు, నిష్పత్తి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో అయిదు రంగుల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు అడుగు, నాలుగు రంగుల 5 శాతం కార్బన్‌వి వద్దు.

ఈ రెండు పద్ధతుల మధ్య ఒక తేడా ఉంది. ఆర్–2ఆర్ నిచ్చెనలో మూడు బిట్లకు (ఒక్కో పిన్ను ఒక్కో బిట్) మెట్టు 5 ÷ 8, అంటే 0.625 వోల్టులు. పై మెట్టు 5 కాదు, 4.375. "నా నిచ్చెన 5 వోల్టులు ఇవ్వడం లేదు, ఏదో రెసిస్టర్ పోయింది" అని వచ్చే ప్రశ్నల్లో చాలావాటికి ఇదే జవాబు. ఏ కోడ్ పెట్టినా ఈ నిచ్చెన అవుట్‌పుట్ రెసిస్టెన్స్ మారదు, ఎప్పుడూ ఆర్ విలువే. మన ఉదాహరణలో 10కె. ఎనిమిది బిట్లకు వెళితే మెట్టు 19.5 మిల్లీవోల్టులకు దిగుతుంది. అప్పుడు పెద్ద బిట్ దగ్గర 1 శాతం తప్పు ఉంటే ఒక మెట్టు ఎక్కాల్సిన చోట దిగుతుంది. 1 శాతం రెసిస్టర్లతో ఆరు బిట్ల వరకు ధైర్యంగా వెళ్లొచ్చు. విలువలు మరీ చిన్నవి పెట్టినా తప్పే. 100 ఓమ్‌ల నిచ్చెనలో పిన్ను లోపలి 30, 40 ఓమ్‌లు లెక్కను చెడగొడతాయి. 10కె నిచ్చెనలో అవి కనిపించవు.

ఇంకొకటి, ఓసిలోస్కోపు ఉంటేనే తెలిసేది. 3 నుంచి 4కు మారుతున్నావనుకో, బైనరీలో 011 నుంచి 100. డిజిటల్‌రైట్‌తో ఒక్కో పిన్నూ మారుస్తూ పోతే, ఒక్కో పిలుపుకు కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది. ఆ మధ్యలో పిన్నులు 000 గానో 111 గానో ఉంటాయి. అవుట్‌పుట్‌లో సూదిలాంటి ముల్లు లేస్తుంది. అందుకే అన్ని బిట్లూ ఒకే పోర్టు (కలిపి రాయగల పిన్నుల గుంపు) మీద పెట్టి ఒకే ఆదేశంతో రాయాలి. ఉనోలో 8 నుంచి 13 వరకు ఆరు పిన్నులూ పోర్ట్ బీ, ఆరు బిట్ల నిచ్చెనకు సరిపోతాయి. 0, 1 పిన్నులు సీరియల్‌కు వదిలెయ్.

పిన్నుకు హై, లో మాత్రమే కాదు, మూడో స్థితి ఉంది. ఇన్‌పుట్‌గా పెడితే అది ఎటూ లాగదు. పిన్ను దగ్గర 5 వోల్టులకు ఒక రెసిస్టర్, గ్రౌండుకు అంతే విలువ గల ఇంకొకటి పెడితే ఒక్క పిన్నుతో మూడు లెవెల్స్ వస్తాయి: హై చేస్తే 5, లో చేస్తే 0, వదిలేస్తే 2.5. నాకు ఈ ఏర్పాటంటే ప్రత్యేకమైన ఇష్టం, ఎందుకంటే పాత మీటర్ల నుంచి, గడియారాల నుంచి తీసిన ఉత్త ఎల్‌సీడీ గాజును డ్రైవర్ చిప్పు లేకుండా దీనితో వెలిగించవచ్చు. గాజుకు నాలుగు వరకు కామన్ కాళ్లు (చాలా సెగ్మెంట్లకు, అంటే అంకెలోని గీతలకు, ఉమ్మడిగా ఉండేవి) ఉంటే, ఒక్కో కామన్‌కు 47కె నుంచి 100కె లోపు రెండేసి రెసిస్టర్లు చాలు. వంతు వచ్చిన కామన్‌ను 0కో 5కో లాగుతాం, వంతు రాని వాటిని 2.5 దగ్గర వదిలేస్తాం. ప్రతి వంతులోనూ రెండు సగాలుంటాయి, రెండో సగంలో కామన్, సెగ్మెంట్ రెండూ తలకిందులు. ఈ తలకిందులు ఎందుకంటే, ద్రవ స్ఫటికం మీద డీసీ నిలబడితే లోపల విద్యుద్విశ్లేషణ జరిగి గాజు శాశ్వతంగా చెడిపోతుంది. సగటు ఎప్పుడూ సున్నా ఉండాలి. డీబగ్గింగ్ కోసం ప్రోగ్రాంను మధ్యలో ఆపి టీ తాగడానికి వెళ్లకు, ఆగిన చోట డీసీ నిలిచి ఉంటుంది. గాజు లాగేది మైక్రోయాంపుల్లోనే కాబట్టి 100కె రెసిస్టర్లు కూడా సరిపోతాయి. నీ మోటారు దగ్గర చేతులెత్తేసిన ఏర్పాటే ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

ఈ మూడో స్థితి వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. హై నుంచి ఇన్‌పుట్‌కు మారేటప్పుడు పోర్ట్ రిజిస్టర్‌లో 1 అలాగే ఉండిపోతే లోపలి పుల్‌అప్ (పిన్నును 5 వైపు లాగే రెసిస్టర్) తెరుచుకుంటుంది. దాని విలువ 20 నుంచి 50 కిలో ఓమ్‌లు, నీ 2.5ను పైకి లాగేస్తుంది. ఆ బిట్‌ను కూడా 0 చెయ్యి. రెండోది, సగం వోల్టేజీ దగ్గర ఉన్న పిన్ను ఇన్‌పుట్ బఫర్ అనవసరంగా కరెంటు తాగుతుంది. బ్యాటరీ మీద నడిచే వస్తువైతే అనలాగ్ పిన్నులు వాడి వాటి డిజిటల్ బఫర్లను డీఐడీఆర్0 రిజిస్టర్‌తో ఆపెయ్.

లోడు ఎంతో ముందే తెలిసి, మారకుండా ఉంటే దాన్నే డివైడర్‌లో (వోల్టేజీని పంచుకునే రెసిస్టర్ల జంటలో) భాగం చేసుకోవచ్చు. వీజీఏ మానిటర్ అలాంటిదే. దాని రంగుల ఇన్‌పుట్లు ఒక్కొక్కటి 75 ఓమ్‌లు, నిండు వెలుగుకు 0.7 వోల్టులు కావాలి. 3.3 వోల్టుల పిన్ను నుంచి సిరీస్‌లో 270 ఓమ్‌లు పెడితే 3.3 × 75 ÷ 345, అంటే 0.717. సరిపోయింది. ఇక్కడ మానిటర్ తగిలించకుండా మీటరు పెడితే 3.3 కనిపిస్తుంది, నీ అనుభవానికి అద్దంలో ప్రతిబింబం లాంటిది.

ఇక స్థిరమైన, కచ్చితమైన వోల్టేజీ కావాల్సిన సందర్భాలు. పీడబ్ల్యూఎం తీసుకుని ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్‌తో వడగట్టడం అందరూ చేసే పనే, కానీ లెక్క వేయకుండా చేస్తారు. 490 హెర్ట్జ్ మీద 10కె, 1 మైక్రోఫారడ్ పెట్టావనుకో. సగం డ్యూటీ (సగం సేపు హై) దగ్గర రిపుల్, అంటే మిగిలిపోయే అల, సుమారు 5 × 0.25 × 2.04 ÷ 10, అంటే పావు వోల్టు. మీటరు 2.5 అనే చూపిస్తుంది, స్కోపులో అలలు కనిపిస్తాయి. కెపాసిటర్‌ను 10 మైక్రోఫారడ్‌లు చేస్తే రిపుల్ పదో వంతుకు తగ్గుతుంది, కానీ విలువ మార్చాక నిలదొక్కుకోవడానికి అర సెకను పైనే పడుతుంది. మేలైన దారి, కెపాసిటర్ పెంచే బదులు పీడబ్ల్యూఎం వేగం పెంచడం. టైమర్1ను ఎనిమిది బిట్ల ఫాస్ట్ మోడ్‌లో పెడితే 16 మెగాహెర్ట్జ్ ÷ 256, అంటే 62.5 కిలోహెర్ట్జ్. అప్పుడు 10కె, 0.1 మైక్రోఫారడ్‌తోనే రిపుల్ 20 మిల్లీవోల్టులు, నిలదొక్కుకోవడానికి 6 మిల్లీసెకన్లు. ఇంకా నునుపు కావాలంటే అలాంటిదే రెండో మెట్టు కలుపు.

ఈ ఫిల్టర్ అవుట్‌పుట్ రెసిస్టెన్స్ కూడా 10కెనే అని మరిచిపోకు. తర్వాత ఆప్ ఆంప్ బఫర్ ఉండాలి, అది వోల్టేజీని అలాగే ఉంచి కరెంటును తాను మోస్తుంది. అందరి డబ్బాలోనూ ఉండేది ఎల్‌ఎమ్358. 5 వోల్టుల సప్లైతో దాని అవుట్‌పుట్ 3.5 దగ్గరే ఆగిపోతుంది, నీకు పై లెవెల్ రాదు. 5 వోల్టుల్లోనే పని జరగాలంటే ఎమ్‌సీపీ6002 లాంటి రైల్ టు రైల్ (దాదాపు సున్నా నుంచి సప్లై దాకా ఇచ్చే) రకం వాడు. ఎల్‌ఎమ్358నే వాడాలంటే దానికి పైన సప్లై ఎక్కువ ఇవ్వు. ఫ్యాక్టరీల్లో మోటార్ల వేగం మార్చే వీఎఫ్‌డీలకు కావాల్సిన 0–10 వోల్టులకు అది బాగా పనికొస్తుంది: సప్లై 15 వోల్టులు, గెయిన్ (ఎన్ని రెట్లు పెంచాలో అది) 2, రెండు 10కె రెసిస్టర్లు.

ఆ వీఎఫ్‌డీ పనిలోనే నాకు ఒక దెబ్బ తగిలింది. ఒక కోళ్ల దాణా మిల్లులో కన్వేయర్ స్పీడుకు ఇదే సర్క్యూటు కట్టాను, నాలుగు స్పీడ్లు, పైన చెప్పినట్టే పీడబ్ల్యూఎం, ఫిల్టర్, ఎల్‌ఎమ్358. బల్ల మీద అంతా సరిగ్గా ఉంది. అక్కడ పెట్టిన మూడో రోజు ఆపరేటర్ ఫోన్ చేసి, "సార్, మిక్సర్ రిలే పడగానే బెల్టు నెమ్మదిస్తోంది" అన్నాడు. వెళ్లి రిలే పడుతుండగా కొలిచాను. రిలేలు, బోర్డు ఒకే 5 వోల్టుల సప్లై మీద ఉన్నాయి. రిలేలు పడగానే అది 4.6కు జారుతోంది. పీడబ్ల్యూఎం పిన్ను హై అంటే సప్లై వోల్టేజీయే కదా. సప్లై 8 శాతం పడితే ప్రతి లెవెలూ 8 శాతం పడుతుంది. ప్రోగ్రాంలో ఏ తప్పూ లేదు. నేను ఖాళీ బోర్డుతో కొలిచి సంతకం పెట్టాను, రిలేలు పడుతుండగా కొలవలేదు. ఆ మిల్లులో రెండు పూటల పని పోయింది, ఆపరేటర్ అందరి చేతా మాటపడ్డాడు. అది నా బాధ్యతే. ఆ తర్వాత రిలేల సప్లై వేరు చేశాను, డాక్ చిప్పుగా, అంటే అంకెను వోల్టేజీగా మార్చే చిప్పుగా, ఎమ్‌సీపీ4922 పెట్టి, దాని రిఫరెన్స్ (కొలబద్దగా వాడే వోల్టేజీ) కాలికి ఎల్‌ఎమ్4040 అనే స్థిర వోల్టేజీ చిప్పు నుంచి 4.096 వోల్టులు ఇచ్చి, గెయిన్ సరిచేశాను. మళ్లీ ఆ ఫోన్ రాలేదు.

ఇందువల్లే, "కచ్చితత్వం కావాలి, డాక్ మాడ్యూల్ కొంటాను" అనేవాళ్లకు ఒక మాట చెబుతుంటాను. అందరూ కొనే ఎమ్‌సీపీ4725 పన్నెండు బిట్లదే, కానీ దాని రిఫరెన్స్ దాని సప్లైయే. సప్లై ఊగితే పన్నెండు బిట్లూ కలిసి ఊగుతాయి. లోపలే 2.048 వోల్టుల రిఫరెన్స్ ఉన్న ఎమ్‌సీపీ4728 లాంటిదో, బయట నుంచి రిఫరెన్స్ తీసుకునేదో ఎంచుకోవాలి. బోర్డు కొత్తగా కొనే పని ఉంటే లోపల డాక్ ఉందో లేదో చూడు. ఉనో ఆర్4లో ఏ0 పిన్ను మీద పన్నెండు బిట్లది ఉంది. మొదటి తరం ఈఎస్‌పీ32లో 25, 26 పిన్నుల మీద ఎనిమిది బిట్లవి రెండున్నాయి, అదే వంశంలోని ఎస్3, సీ3లలో లేవు. రాస్ప్‌బెర్రీ పై పికోలోనూ లేదు.

కరెంటు కూడా కావాలి, నాలుగు రకాల వోల్టేజీలూ కావాలి అంటే, అంటే ఒక పవర్ సప్లైనే మైక్రోకంట్రోలర్‌తో మార్చాలంటే, ఎల్‌ఎమ్317 అనే రెగ్యులేటర్ వాడు. దాని అవుట్‌పుట్ 1.25 × (1 + కింది రెసిస్టర్ ÷ పై రెసిస్టర్). పై రెసిస్టర్ 240 ఓమ్‌లు, కింద 910 పెడితే సుమారు 6 వోల్టులు. ఆ 910కు సమాంతరంగా ఒక్కో రెసిస్టర్‌ను ఒక్కో ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ ద్వారా గ్రౌండుకు కలిపితే, పిన్ను హై చేసినప్పుడల్లా వోల్టేజీ తగ్గుతుంది. ఇక్కడ పిన్నులు మోసేది ట్రాన్సిస్టర్ బేస్ కరెంటు మాత్రమే. వేడి లెక్క మరవకు: 12 లోపలికి, 5 బయటికి, అర యాంపు అంటే 3.5 వాట్లు, హీట్‌సింక్ లేకుండా చెయ్యి పెట్టలేవు.

సప్లై కంటే పైన, సున్నా కంటే కింద వోల్టేజీ కూడా పిన్ను నుంచే తీయొచ్చు. పిన్నును వేగంగా హై లో చేస్తూ ఒక కెపాసిటర్, రెండు 1ఎన్4148 డయోడ్లు, ఇంకో కెపాసిటర్ పెడితే లోడు లేనప్పుడు సుమారు మైనస్ 3.7 వోల్టులు వస్తాయి. 5 వోల్టుల 16×2 ఎల్‌సీడీని 3.3 వోల్టుల మీద నడిపితే అక్షరాలు కనిపించకపోవడానికి కారణం కాంట్రాస్ట్ కాలికి మైనస్ వోల్టేజీ అవసరం కావడమే. ఆ కాలు లాగేది 1 మిల్లీయాంపు లోపే, ఈ పంపు దానికి సరిపోతుంది. దీని అవుట్‌పుట్ రెసిస్టెన్స్ సుమారు 1 ÷ (ఫ్రీక్వెన్సీ × కెపాసిటర్). 62.5 కిలోహెర్ట్జ్, 0.1 మైక్రోఫారడ్ అయితే 160 ఓమ్‌లు, అంటే ఒక్కో మిల్లీయాంపుకు 0.16 వోల్టులు పడతాయి. పిన్నుకు, కెపాసిటర్‌కు మధ్య 100 ఓమ్‌లు పెట్టు, లేకపోతే ప్రతి అంచు దగ్గరా పిన్ను హద్దు దాటిన కరెంటు కెపాసిటర్‌లోకి దూకుతుంది. ఆ 100 ఓమ్‌ల వల్ల ఇంకాస్త పడుతుంది, కాంట్రాస్ట్‌కు అది లెక్కలోకి రాదు.

ముందుగా ఈ మూడు కొలతలు తీసి ఇక్కడ పెట్టు. మోటారు విడిగా ఉన్నప్పుడు దాని రెండు కొసల మధ్య ఓమ్‌లు, షాఫ్టును మెల్లగా తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి అతి తక్కువది. మోటారును నేరుగా 5 వోల్టుల అడాప్టర్‌కు పెట్టి, ఫ్యాను రెక్క ఉండగా తిరిగేటప్పుడు లాగే కరెంటు. అడాప్టర్ మీద ఎన్ని యాంపులని రాసి ఉందో అది. మాస్‌ఫెట్ ఏది చాలుతుందో, డయోడ్ 1ఎన్5819 సరిపోతుందో ఇంకా పెద్దది కావాలో వాటిని చూసి చెబుతాను. ఈలోగా ఆ రెండు రెసిస్టర్లను బ్రెడ్‌బోర్డు మీదే ఉంచు, వాటి దగ్గర ఒక ఎమ్‌సీపీ6002 బఫర్ పెట్టి, దాని అవుట్‌పుట్ నుంచి గ్రౌండుకు 1కె తగిలించి మళ్లీ కొలిచి చూడు.